శీతల దేశములో నామగిరి భక్తుడు

ధనుర్మాసము వచ్చినదనగా మన ప్రాంతములలో వైష్ణవాలయముల తలుపులు తెల్లవారక ముందే తెరచుకొనును. తిరుమలలో ఆ నెల దినములు సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై వినవచ్చును. చన్నీటి స్నానము చేసి, తడితలకు తువాలు చుట్టుకొని, వణకుచు గుడికి పోవు పెద్దలను చూచి, చలి ఎట్టిదో మనకు తెలిసినదనుకొందుము. నాలుగు ప్రదక్షిణములు చేసి, దొన్నెలో వేడి పొంగలి ప్రసాదము చేతికి అందునప్పటికి ఆ చలి తీరిపోవును. మనకు తెలిసిన చలి అంతియే. అట్టి ధనుర్మాసములో పుట్టి, అంతమాత్రపు చలియే ఎరిగి, 26 ఏండ్ల వయస్సున సముద్రములు దాటి, ఐదు ఆంగ్ల శీతకాలములు గడపిన ఒక నామగిరి భక్తుని కథ ఇది. ఆయన గణితమును గూర్చి వ్రాయుటకు తగినవారు వేరుగా కలరు. ఆయన చలిని గూర్చి, ఆ చలిలో ఆయన నిలుపుకొన్న ఆచారమును గూర్చి మాత్రమే ఇచ్చట చెప్పదలచితిమి.

శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో మాతామహుల ఇంట జన్మించెను. ఆ తేదీనే 2012 నుండి మన దేశము జాతీయ గణిత దినముగా జరుపుకొనుచున్నది. తండ్రి కుప్పుస్వామి శ్రీనివాస అయ్యంగారు కుంభకోణములో ఒక బట్టల దుకాణమున గుమాస్తా. పుట్టినది మొదలు నేత వస్త్రముల నడుమ బ్రదుకు సాగిన ఆ ఇంటి బిడ్డకు ఒకనాడు కప్పుకొను బట్టయే సమస్య యగునని ఎవరు తలంతురు! తల్లి కోమలతమ్మాళ్ భజనలు పాడు ఇల్లాలు, గట్టి పట్టుదల గలది. వారి ఇల్లు సారంగపాణి స్వామి సన్నిధి వీధిలో ఉండెను. ఇంటి గడప దిగి తలయెత్తినచో గోపురమే కనబడును.

ఆ కుటుంబమునకు ఇలవేలుపు నామక్కల్ నామగిరి తాయారు. నామక్కల్‌లో కొండరాతిని తొలిచిన గుహాలయములో నరసింహస్వామి వెలసియున్నాడు. ఆయన దేవేరియే నామగిరి. రామానుజన్ మాతామహి ఆ తల్లికి పరమభక్తురాలు. తన కుమార్తె కొడుకు నోట తాయారు పలుకునని ఆమె చెప్పుచుండెడిదట. చిన్నతనము నుండి ఈ మాట వినుచు పెరిగిన బాలుడు, పెద్దయైన పిదప తన సూత్రములు కొన్ని నామగిరి స్వప్నములో చూపినవని స్నేహితులతో చెప్పుట వింత కాదు. కలలో నెత్తుటి బిందువులు కనబడుట నరసింహుని అనుగ్రహ చిహ్నమనియు, ఆ మీదట తన కన్నుల ముందు గణిత పత్రములు చుట్టలు విప్పుకొనుననియు ఆయన నమ్మెను. గణితజ్ఞులు దీనిని తమకు తోచినట్లు వ్యాఖ్యానించుకొందురు గాక. భక్తునికి అది అనుభవము.

కుంభకోణములో ఆయన చదువు చక్కగా మొదలై చెడిపోయినది. 1904లో ఉన్నత పాఠశాల చదువు ముగించి, విద్యార్థి వేతనముతో కళాశాలలో చేరి, గణితము తప్ప మరి యేమియు చదువక ఆ వేతనము పోగొట్టుకొనెను. 1905లో ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి మన విశాఖపట్టణమునకు పారిపోయెను. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరి అచ్చటను పరీక్ష తప్పెను. 1909లో జానకితో వివాహము జరిగెను. పూటకు గతిలేక, చేత నోటు పుస్తకములు పట్టుకొని, 1910 చివర నెల్లూరు పోయి అచ్చటి కలెక్టరు దివాన్ బహదూర్ రామచంద్రరావుగారి దర్శనము చేసికొనెను. ఏమి కావలెనని ఆయన అడుగగా, తిండికి వెదకుకొను పని లేకుండ గణితము చేసికొనగలిగినంత ఆధారము చాలునని రామానుజన్ విన్నవించుకొనెను. రావుగారు కొంతకాలము నెలకు 25 రూపాయలు తమ సొంత సొమ్ము ఇచ్చిరి. ఆ దినములలో ఆయనకు చేయూతనిచ్చిన కొద్దిమందిలో మన నెల్లూరు కలెక్టరు ఒకరగుట మనము మరువరాని విషయము.

1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగిరి దొరకెను. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునికి తన సూత్రములతో ఉత్తరము వ్రాసెను. ఆ ఉత్తరము సంగతి లోకవిదితమే. హార్డీ ఆయనను ఇంగ్లండునకు రప్పింపదలచెను. కాని సముద్రయానము నాటి ఆచారపరులకు నిషిద్ధము. తల్లి ఒప్పుకొనలేదు, ఆయనయు వెనుకాడెను.

ఈ చిక్కు విడిన విధమును గూర్చి రెండు కథలు కలవు. తన కుమారుడు దొరల నడుమ కూర్చుండియున్నట్లు తల్లి కల గన్నదనియు, వాని దారికి అడ్డు నిలువవలదని నామగిరి ఆమెను ఆజ్ఞాపించినదనియు ఒక కథ. పోర్టు ట్రస్టులో తన పై అధికారియు హితుడునైన నారాయణ అయ్యరుతో రామానుజన్ నామక్కల్ వెళ్ళి, ఆలయ ఆవరణములో మూడు రాత్రులు నిద్రచేసి, మూడవ రాత్రి ఆజ్ఞ పొందెనని మరియొక కథ. రెండును నిజమే కావచ్చును. తల్లికి ఒకటి, బిడ్డకు ఒకటి చెప్పవలసిన అవసరము తాయారుకు ఉన్నది గదా!

ప్రయాణమునకు ముందు ఆయన తల్లిని, భార్యను కుంభకోణమునకు పంపివేసెను. దొరవేషములో తన్ను వారు చూడరాదని ఆయన కోరిక. పిదప శిఖ తీయించిరి. అప్పుడు ఆయన కంట నీరు పెట్టుకొనెనట. లిటిల్‌హెయిల్స్ అను ఆంగ్ల ఆచార్యుడు తన మోటారు సైకిలు ప్రక్కబండిలో ఆయనను కూర్చుండబెట్టుకొని, అంగడి అంగడి త్రిప్పి, చొక్కాలు, కాలర్లు, మేజోళ్ళు, బూట్లు కొనిపెట్టెను. చలిదేశమునకు కావలసిన సామగ్రి యంతయు సిద్ధమైనదని అందరును తలచిరి. కాని వస్తువు ఉండుట వేరు, దానిని వాడుకొను విధము తెలియుట వేరు. అది నేర్పవలెనని ఎవరికిని తోచలేదు.

1914 మార్చి 17వ తేదీన నెవాసా అను ఓడలో బయలుదేరి, ఏప్రిల్ 14న ఆయన లండను చేరెను. అది ఇంగ్లండులో వసంతము. నెవిల్ అను గణితాచార్యుడు తన ఇంట కొన్ని వారములు ఉంచుకొని ఆదరించెను. ఆ తరువాత ట్రినిటీ కళాశాలకు చెందిన హ్యూవెల్ కోర్టులో గదులు ఇచ్చిరి. బూట్లు కాళ్ళను ఒరయుచుండెను గనుక ఆయన చెప్పులతోనే తిరుగుచుండెను. ఎండకాలము సాయంకాలములు మిక్కిలి దీర్ఘము, తోటలనిండ పూలు. దేశము ఇంతటి సుందరమైనదా అని చూచుచుండగనే ఆగస్టులో మహాయుద్ధము వచ్చిపడెను. ట్రినిటీలోని ఒక ప్రాంగణమున స్తంభముల చావడి క్రింద క్షతగాత్రులైన సిపాయిలకు ఆసుపత్రి ఏర్పరచిరి. పిమ్మట చలికాలము ప్రవేశించెను.

చలికాలములో కేంబ్రిడ్జిలో సూర్యుడు ఎట్లుండునో మన పాఠకులకు కొంచెము చెప్పవలెను. కుంభకోణము భూమధ్యరేఖకు 11 డిగ్రీల ఉత్తరమున నున్నది, కేంబ్రిడ్జి 52 డిగ్రీల ఉత్తరమున నున్నది. డిసెంబరులో అచ్చట ఉదయము ఎనిమిదింటికి గాని ప్రొద్దు పొడువదు, నాలుగు కొట్టక ముందే క్రుంకిపోవును. మిట్టమధ్యాహ్నమందు సైతము సూర్యుడు మన సాయంకాలపు సూర్యునివలె దిగువన నిలిచియుండును. పలుదినములు మబ్బుచాటున ఆ మాత్రమును కనబడడు. కావేరి ఒడ్డున డిసెంబరు రాత్రి 20 డిగ్రీలకు దిగుటయే అరుదు. అచ్చట నీరు గడ్డకట్టు దినములు ఏటేట వచ్చును. అంతకన్న విషమము తేమ. తడి గాలి ఎముకలలో దూరును. మంట ముందు కూర్చున్నచో ముఖము కాలును, వీపు గడ్డకట్టును. ఇది మద్రాసులో ఎవరు చెప్పినను నమ్మశక్యము కాని మాట. అనుభవించినగాని తెలియదు.

ఆయన మొదట రాత్రులు ఎట్లు గడపెనో లోకమునకు తెలియుటకు ఒక వంగ యువకుడు కారణము. కింగ్స్ కళాశాలలో చదువుచుండిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ అప్పటికి ఇరువదియొక్క ఏండ్లవాడు. తరువాతి కాలమున, 1931లో, కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించినవాడు ఇతడే. రామానుజన్ వచ్చిన తొలి సంవత్సరములోనే వారికి స్నేహము కుదిరెను. ఒకనాడు మాటల నడుమ మహలనోబిస్, రాత్రివేళ వెచ్చగా ఉన్నదా అని కుశలమడిగెను. రామానుజన్ లేదని చెప్పెను. చలి బాధించుచున్నదనియు, ఓవర్‌కోటు తొడుగుకొని, పైన శాలువ చుట్టుకొని పడుకొనుచున్నాననియు, అయినను చలి పోవుట లేదనియు చెప్పెను.

కళాశాలవారు కంబళ్ళు తగినన్ని ఈయలేదేమో యని మహలనోబిస్ పడకగదిలోనికి పోయి చూచెను. మంచముమీద కంబళ్ళు కావలసినన్ని ఉన్నవి! సేవకులు వానిని ఒకదానిమీద నొకటి పరచి, అంచులు పరుపు క్రిందికి మడచి బిగించి, అన్నింటిపైన ఒక పలుచని పైదుప్పటి కప్పియుంచిరి. రామానుజన్ రాత్రి రాత్రి ఆ కంబళ్ళ మీదనే శయనించి, ఆ పలుచని పైదుప్పటి మాత్రము పైకి లాగుకొనుచుండెను. వెచ్చదనమంతయు ఆయన వీపు క్రింద ఉన్నది, చలి యంతయు మీద ఉన్నది.

మన పాఠకులు దీనికి నవ్వరాదు. మన ఇండ్లలో చాప పరచుకొందుము, లేదా బొంత పరచుకొందుము; దానిమీద పడుకొని, దుప్పటి తీసి కప్పుకొందుము. పరచినది పరచుకొనుటకే, మడచిపెట్టినది కప్పుకొనుటకే. చక్కగా పరచి బిగించిన దానిని ఊడదీసి లోపల దూరవలెనని ఎవనికి తోచును? ఉత్తరమును కవరులో పెట్టినట్లు మనుష్యుడు పడకలో చొరబడవలెనను సంగతి చూచినవానికి గాని తెలియదు. మహలనోబిస్ ఒక ప్రక్క కంబళ్ళను మడచి, లోనికి ఎట్లు చేరవలెనో చేసి చూపెను. రామానుజన్ హృదయము కరగిపోయినదని ఆయన తరువాత జ్ఞాపకము చేసికొనెను.

ఈ చిన్న సంఘటన నా మనస్సులో చాలకాలము మెదలినది. అనంతశ్రేణుల మర్మములు స్వప్నములో విప్పి చూపిన తల్లి ఈ కంబళి మడత యొక్కటి కలలో చూపియుండరాదా? చూపలేదు. ఆ పనికి ఆమె కింగ్స్ కళాశాల కుర్రవానిని పంపినది. అతడు చేసినదెల్ల రాత్రి వెచ్చగా ఉన్నదా యని ఒక్క మాట అడుగుటయే. రామానుజన్‌ను దినదినము కలిసికొని సిద్ధాంతములు చర్చించుచుండిన హార్డీ మహాపండితుడు, ఉదారుడు. కాని ఆయన సంభాషణ యంతయు గణితమే. ఎట్లు నిద్రించుచున్నావని అడిగినట్లు ఎచ్చటను కనబడదు. దీనికి హార్డీని నిందింపరాదు. అది ఆ దేశపు మర్యాద. ఒకరి పడకగది సంగతి మరియొకరు అడుగరు. అడిగినచో తప్పని ఒకరు, చెప్పినచో తప్పని ఒకరు ఊరకున్నచో నడుమ మనిషి గడ్డకట్టును.

రామానుజన్ స్వభావము కూడ చెప్పుకొనునది కాదు. మిక్కిలి సున్నితమైనది. ఒకమారు తన గదికి భారతీయ మిత్రులను భోజనమునకు పిలిచి, తానే వండి వడ్డించెను. అతిథులు చారు రెండుమారులు వడ్డించుకొని మూడవమారు వలదనిరి. ఆయన మెల్లగా గది వెడలిపోయెను. మరల రాలేదు. నాలుగు దినముల పిమ్మట ఆక్స్‌ఫర్డు నుండి తంతి వచ్చెను, సొమ్ము పంపుమని. తన వంట వారికి రుచింపలేదని నొచ్చుకొని అంత దూరము పోయెను. ఇట్టివాడు నాకు చలి వేయుచున్నది, ఏమి చేయవలెనని సేవకుని పిలిచి అడుగునా?

ఇక ఆచారము మాట. మాంసము ముట్టనని తల్లికి ఇచ్చిన మాట ఆయన ఇంగ్లండులో ఉన్నంతకాలము తప్పలేదు. కళాశాల భోజనశాలకు పోలేదు. తన గదిలోనే చిన్న పొయ్యిమీద అన్నము, కూర, చారు వండుకొనెను. చింతపండు మొదలైన సంభారములు మద్రాసు నుండి మిత్రులు టపాలో పంపుచుండిరి. యుద్ధము ముదిరిన కొలది కూరగాయలు, పాలు దుర్లభమయ్యెను. వ్రాయుటలో మునిగినప్పుడు దినమునకు ఒకసారి, అదియు ఏ వేళనో వండుకొనుటయుండెను.

హార్డీ తన స్మృతివ్యాసములో ఒక విచిత్రము వ్రాసినాడు. రామానుజన్ తాను వండుకొనుటయే కాదు, పైజమా మార్చుకొననిదే ఎన్నడును వంట ప్రారంభింపలేదట. హార్డీకి ఇది ఒక వింత అలవాటుగా తోచియుండవచ్చును. ఆయన అంతకుమించి వివరింపలేదు. తెలుగు పాఠకునకు వివరణ అక్కరలేదు. బయట తిరిగిన బట్టతో పొయ్యి ముట్టరాదను నియమము మన అమ్మమ్మల నాటిది. తడిపి ఆరవేసిన పంచె లేని దేశములో, పట్టుబట్ట అటక మీద దొరకని గదిలో, ఆయన పైజమాను మడిబట్టగా చేసికొనెనని నేననుకొందును. ఆ గదిలో చలి ఎట్లుండునో తలంచి చూడుడు. ఉన్ని బట్టలు విడిచి పలుచని పైజమా తొడుగుకొనవలెను. చేతివేళ్ళు కొంకర్లు పోవుచుండగా కూరలు తరుగుకొనవలెను. తినునది ఒక్కడే, చూచువారు లేరు, అడుగువారు అంతకన్న లేరు. అయినను మార్చుకొనెను.

అన్ని మతములును ఇంచుమించు సమానముగా సత్యమేనని రామానుజన్ తనతో అనెననియు, ఆయన నిష్ఠ ఆచారమునకు సంబంధించినదే గాని గాఢమైన విశ్వాసమునకు సంబంధించినది కాదనియు హార్డీ అభిప్రాయపడెను. హార్డీ దైవమును నమ్మనివాడు. తనకు ప్రియమైన శిష్యుని తన చేరువకు తెచ్చుకొనవలెనను మమత ఆ అభిప్రాయములో కొంత కలదేమో! ఆయనను ఎరిగిన భారతీయ మిత్రులు ఈ మాట అంగీకరింపలేదు. అన్ని మతములు సత్యమే యనుట మన దేశములో నాస్తికుని లక్షణము కాదని హార్డీకి చెప్పువారు లేకపోయిరి. ఎవరును చూడని గదిలో, గడ్డకట్టు చలిలో, బట్ట మార్చుకొని వంట చేసిన మనిషి విశ్వాసమును గూర్చి నాకు సందేహము లేదు.

ఇట్లు మూడు సంవత్సరములు గడచెను. 1915లో ఆయన గొప్ప పరిశోధన వెలువడెను. 1916లో కేంబ్రిడ్జి పట్టము వచ్చెను. హార్డీతో కలిసి సంఖ్యల విభజనలను గూర్చి చేసిన పని గణితలోకమును ఆశ్చర్యపరచెను. ఇంటినుండి ఉత్తరములు మాత్రము సన్నగిలెను. అత్తాకోడండ్రకు సరిపడలేదు. భర్తకు తాను వ్రాసిన ఉత్తరములు అత్తగారి వలన చేరనే లేదని జానకి తరువాతి కాలమున చెప్పెను. ఇచ్చట ఎదురుచూపు, అచ్చట ఎదురుచూపు. సముద్రము నడుమ ఉన్నది, యుద్ధము సముద్రముమీద ఉన్నది.

1916–17 శీతకాలము ఐరోపా అంతటను కఠోరమైనది. ఆ శీతకాలము వెనుకనే 1917 వసంతములో ఆయనకు జబ్బు చేసెను. వైద్యులు ఒకరు ఒకటి, మరియొకరు మరియొకటి చెప్పి, కడకు క్షయ యని నిశ్చయించిరి. నాడు క్షయకు మందు లేదు. చల్లని స్వచ్ఛమైన గాలియే మందని వైద్యుల నమ్మకము. రోగులను కొండ ప్రాంతముల శానిటోరియములకు పంపి, కిటికీలన్నియు బార్లా తెరచి, శీతకాలములో సైతము ఆ గాలిలోనే పడుకొనబెట్టెడివారు. రామానుజన్‌ను మొదట మెండిప్ కొండలలోని ఒక చోటికి, తరువాత డెర్బీషైరులోని మాట్‌లాక్‌కు పంపిరి. హ్యూవెల్ కోర్టులో తెలియక చలిని అనుభవించెను. ఇచ్చట చికిత్స పేరిట అనుభవింపవలసి వచ్చెను.

ఆ శానిటోరియము దినములలో ఆయన హార్డీకి వ్రాసిన ఒక ఉత్తరములోని సంగతులు చదివినవారికి గుండె తరుగును. చేరిన క్రొత్తలో కొద్దిసేపు గదిలో నిప్పు వేసిరి. ఆ తరువాత నెలదినములు ఒక్కరోజును నిప్పు లేదు. వణకుచు, ఓవర్‌కోటు తొడుగుకొనియే భోజనము చేసిన పూటలు ఉన్నవి. గణితము గట్టిగా చేసిన దినమున నిప్పు వేయింతునని వైద్యుడు మాట ఇచ్చెనట. ఆ దినము రాలేదు. చలికి చేతులు స్వాధీనములో లేనివాడు లెక్క చేయుట ఎట్లు? లెక్క చేసినగాని నిప్పు లేదు, నిప్పు ఉన్నగాని లెక్క సాగదు! అప్పుడు ఆయన ఒక ఉపాయము కనిపెట్టెను. ఆ భవనములో స్నానపు గదులు వెచ్చగా ఉండెను. దినము ఒక గంటసేపు కాగితము, కలము తీసికొని స్నానపు గదిలో కూర్చుండి, త్వరలో రెండు మూడు వ్యాసములు పంపుదునని హార్డీకి వ్రాసెను.

కంబళి మడత విప్పుట తెలియక చలికి ఓర్చుకొన్న యువకుడు నాలుగేండ్లకు ఎక్కడ వెచ్చగా ఉండునో తానే వెదకుకొనుట నేర్చెను. తనకు చలి వేయుచున్నదని వ్రాసి చెప్పుటయు నేర్చెను. కాని అప్పటికి శరీరము చాలవరకు తూలిపోయెను, మనస్సు అంతకన్న కృంగిపోయెను. అట్టి దినములలోనే గౌరవములు వచ్చి తలుపు తట్టినవి. 1918లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. ఆ గౌరవము పొందిన భారతీయులలో ఆయన రెండవవాడు. అదే సంవత్సరము అక్టోబరులో ట్రినిటీ కళాశాల తన ఫెలోగా ఎన్నుకొనెను. భారతీయులలో ఆ పదవి పొందిన మొదటివాడు ఆయనయే.

ఆ జబ్బు క్షయయేనా యని తరువాతి కాలమున అనేకులు శంకించిరి. 1994లో యంగ్ అను పరిశోధకుడు నాటి లక్షణముల వివరములు పరిశీలించి, అది కాలేయమునకు పట్టిన అమీబా రోగమై యుండునని వాదించెను. రామానుజన్‌కు ఇంగ్లండు పోకముందే అతిసార బాధ ఉండెడిది. ఆ పరిశోధకుని వాదమే నిజమైనచో, నాటి వైద్యమునకు సైతము లొంగగల రోగము గుర్తుపట్టబడక, లేని క్షయకు మందుగా ఆయనను ఆ చలిగాలిలో పడుకొనబెట్టిరన్నమాట. నాటి వైద్యులు తమకు తెలిసినంతలో మేలు చేయదలచినవారే. అయినను ఈ సంగతి తలచినప్పుడెల్ల నిప్పులేని ఆ గది కన్నులకు కట్టును.

1919లో ఆయన స్వదేశము చేరి, ఏప్రిల్ మొదట మద్రాసులో రైలు దిగెను. ఎండలు ముదురుచున్న కాలము. ఐదేండ్లుగా కోరుకొన్న వేడిమి ఎదురు వచ్చెను గాని, దానిని అనుభవించు బలము దేహమున లేదు. ఆ వేసవిని కావేరి తీరమున కొడుముడిలో గడపెను. పిదప కుంభకోణము, మరల మద్రాసు. 1920 జనవరిలో హార్డీకి కడపటి ఉత్తరము వ్రాసెను. అందులో జబ్బు మాట లేదు. తాను క్రొత్తగా కనుగొన్న మాక్ తీటా ప్రమేయముల సంగతి యున్నది. ఏప్రిల్ 26వ తేదీన చేట్‌పట్టులోని ఇంట పరమపదించెను. వయస్సు 32 ఏండ్లు.

ఆ కడపటి సంవత్సరము జానకి దగ్గరనుండి ఉపచారము చేసెను. ఆమెకు అప్పటికి ఇరువదియొక్క ఏండ్లు. వివాహమైన పదకొండేండ్లలో భర్తతో కలిసి బ్రదికిన దినములు బహు స్వల్పము. వేళకు అన్నము, నిమ్మరసము, మజ్జిగ అందించెను. కాళ్ళు, రొమ్ము నొప్పి యన్నప్పుడు నీరు కాచి, గుడ్డలు ముంచి, కాపడము పెట్టెను. ఆయన పోయిన పిమ్మట కొంతకాలము బొంబాయిలో సోదరుని ఇంటనుండి కుట్టుపని నేర్చుకొని, మద్రాసు తిరిగివచ్చి తిరువళ్ళిక్కేణిలో బట్టలు కుట్టుచు జీవించెను. 1994లో కన్నుమూసెను. భర్త వస్తువులలో తనకు మిగిలినవేమని అడిగినవారికి, వృద్ధాప్యములో ఆమె చెప్పినది రెండు పాత్రల మాట. ఆయన కాపడమునకు నీరు కాచిన పాత్రలు అవి.